గోనెగండ్ల దాకా నిద్ర

ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలింటికని ఆదోనిలో కర్నూలు బస్సెక్కాను. క్రోన్స్ జబ్బుకు పేగు కోసి, మలం పడేందుకు పొట్టకు సంచి తగిలించి మూడు నెలలు. దాని చప్పుడు ఎవరికీ వినపడకూడదని చేతిబ్యాగును పొట్టకు అదిమి పట్టుకున్నాను.

అయినా గుడగుడమంది. పక్కనున్నామె ఉగ్గాణి పొట్లం చాపి, "ఆకలైతాందేమ్మా? తిను," అంది. కాదని, ఎమ్మిగనూరులో దిగాక తింటానని చెప్పి, చెవిలో అసలు సంగతి చెప్పాను.

ఆమె లేచి నిలబడింది. "డ్రైవరన్నా, గుంతల్లో నిదానంగా పో! ఈయమ్మకి పేగు కోసినారంట!"

సిగ్గుతో చచ్చిపోయాను. డ్రైవరు నిజంగానే నెమ్మదించాడు. తర్వాత పొట్ట ఎంత మోగినా ఎవరూ తిరిగి చూడలేదు. హాయిగా నిద్రపట్టింది.

లేచేసరికి గోనెగండ్ల. డెబ్బై రెండేళ్లలో దిగాల్సిన ఊరు దాటిపోవడం ఇదే మొదలు. "లేపలేదేం?" అని పక్కనామెను కసిరాను.

"లేపుదామనే అనుకుంటిమి. అంత బాగా గురక పెడతాంటే బస్సులో ఒక్కరికీ మనసు రాలేదమ్మా!"