సుగియార్తో అంటించిన కాగితం

మా క్లాతెన్ ఊళ్ళో పాక్ సుగియార్తో, అంటే సుగియార్తో గారు, ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాలు పంచాడు. ఒక్క కార్డు ముక్క చదివిన పాపాన పోలేదు. రిటైరయ్యాక పాటపిట్టల పోటీలవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఓ ఫోరం పెట్టి, అక్కడా అదే నీతి నడిపాడు. మా ఊళ్ళో ఎదుటివాడి పిట్ట బాగా పాడలేదని ముఖాన చెప్పడం కంటే ప్రాణాలొదలడం తేలిక. అందుకే పేరు దాచుకుని రాసే ప్లగిన్ ఒకటి తెచ్చి తగిలించాడు. "మీ పేరు నా కంట కూడా పడదు, ఒట్టు" అని పైన రాశాడు.

మర్నాడే తెలిసింది. ముసుగు రాతకు జవాబివ్వబోతే, రాసినవాళ్ళ అసలు పేరు జవాబు పెట్టెలోకి వచ్చి కూర్చుంటోంది! ఫోరం యజమానిని కదా, నాకొక్కడికే కనబడుతోందనుకున్నాడు మహానుభావుడు. ఒట్టు తప్పకూడదని తెరమీద సరిగ్గా ఆ చోట కాగితం ముక్క అంటించాడు.

ఇంతలో ఎవరో ముసుగు మనిషి ఆయన ముద్దుల పిట్ట సెనోపతి మీద పడ్డారు. "అది పాటా? నూనె లేని తలుపు బందు!" అని రోజూ ఇదే వరస. ఆయనకు ఒళ్ళు మండింది. తానూ ముసుగేసుకుని సెనోపతిని ఆకాశానికెత్తుతూ పదకొండు జవాబులు రాశాడు. అందరూ అవునవునన్నారు.

మూడు నెలలు గడిచాయి. ఓ ఆదివారం పోటీ దగ్గర పాక్ మర్సూది ఫోన్‌లో జవాబు రాస్తుంటే సుగియార్తో పక్కనుంచి చూశాడు. మర్సూది మామూలు సభ్యుడు. అతని పెట్టెలోనూ పేరుంది! అంటే పేర్లు అందరికీ కనబడుతున్నాయన్నమాట. గప్‌చుప్‌గా ప్లగిన్ పీకేస్తే తన పరువు నిలుస్తుంది. చెబితే పదకొండు పొగడ్తలూ బజారున పడతాయి. చెప్పకపోతే ముప్ఫయ్యేళ్ళ నీతి గంగలో కలుస్తుంది. ఇంటికొచ్చి ప్లగిన్ పీకేసి, జరిగిందంతా, పదకొండు పొగడ్తలతో సహా రాసి, కింద పేరు పెట్టాడు.

మొదటి జవాబు మర్సూదిదే. "మొదటి వారమే తెలుసు పాక్. చెబితే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాం. మీ పిట్టను మెచ్చుకున్నదీ అందుకే."

సుగియార్తో తల పట్టుకున్నాడు. వసారాలో సెనోపతి గొంతెత్తింది.

"అబ్బా! ఆ తలుపు బందుకి కాస్త నూనె రాయండి పాక్," అంది వంటింట్లోంచి భార్య ముర్తినా.

ఆయన నోరు తెరిచాడు. "నువ్వా! కట్టుకున్నదానివి, ముఖాన చెప్పొచ్చుగా?"

ముర్తినా వేయించిన తెంపే సోయాముక్కల పళ్ళెం ముందు పెట్టింది. "మూడు నెలలూ నా పేరు మీ కళ్ళెదుటే ఉంది. కాగితం అంటించుకుంది మీరు."