పూలి ఆపిన పందెం

జూలూరుపాడు దాటి అడవిలోకి పోయే కంకర రోడ్డు మీద పూలికి తెలియని గుంట లేదు. పదిహేడేళ్ళుగా ఆమె ఆ రోడ్డుకు గ్యాంగు కూలీ. వానలు వెలిశాక గుంటలు పూడ్చడం, అంచులకు మొరం పోయడం, కల్వర్టుల కింద పేరుకున్న చెత్త లాగేయడం, ఎండాకాలంలో తారు పనులకు పక్క మండలాలకు పోవడం, ఇదీ ఆమె బతుకు. తండాలో నిండుచూలాలిని దవాఖానాకు తీసుకుపోవాలన్నా ముందు పూలినే అడుగుతారు, ఏ దారిన పోతే ఆటో తక్కువ కుదుపుతుందని.

గ్యాంగులో చేరిన కొత్తలో మేస్త్రి బొజ్జయ్య ఆమెకు పార కంటే ముందు జెండా పట్టడం నేర్పాడు. బొజ్జయ్య కోయ మనిషి, మాట తక్కువ. తారు పోసేచోట రెండు కొసలా ఇద్దరు నిలబడాలి, ఒకరు ఎర్రది ఎత్తితే రెండోవారు పచ్చది ఊపాలి. "ఎర్రది ఎత్తినంక ఎవ్వడు చెప్పినా దించకు. రోడ్డు ఖాళీ అయిందని నీ కండ్లతోని చూస్తేనే దించు" అని ఒక్కసారే చెప్పాడు. పూలికి అది చాలింది. ఒకసారి ఎవరో పెద్ద నాయకుడి జీపు హారన్ కొట్టుకుంటూ మీదిమీదికి వచ్చినా ఆమె కదల్లేదు. వేడి తారు మీద రోలరు తిరగడం అయ్యేదాకా ఇరవై నిమిషాలు ఆ నాయకుడు రోడ్డు పక్కన నిలబడి చెమట తుడుచుకున్నాడు. పూలి పెనిమిటి హరిలాల్ మేకలు కాస్తాడు, కబుర్లు కూడా బాగానే కాస్తాడు. ఏ పెళ్ళికి పోయినా ఈ కథ చెప్పకుండా లేవడు. చెప్పిన కొద్దీ ఒక జీపు మూడు జీపులైంది, ఇరవై నిమిషాలు పూట అయింది. పూలి పక్కనే కూర్చుని కాదనకుండా, అవుననకుండా నవ్వుతుంది.

రెండు వేల ఆరు నవంబరులో వర్క్ ఇన్‌స్పెక్టరు వచ్చి, అడవి రోడ్డు మీద కార్ల ర్యాలీ పెడుతున్నారు, పది మంది జెండాలు తీసుకుని రావాలన్నాడు. ర్యాలీ అంటే ఏ పార్టీది సారూ అని అడిగింది పూలి. హరిలాల్‌కైతే బిర్యానీ పొట్లం ఇస్తారా, లారీలో తీసుకుపోతారా అన్నదే అనుమానం. పార్టీ కాదు, పందెమని చెప్పేసరికి ఇన్‌స్పెక్టరుకు తల ప్రాణం తోకకొచ్చింది. పట్నంలోని ఒక క్లబ్బువాళ్ళు పెడుతున్న మూడు రోజుల పందెం అది. దేశం నలుమూలల నుంచి పందేలే వృత్తిగా పెట్టుకున్న డ్రైవర్లు వస్తారు. కార్లన్నీ ఒకేసారి పరుగెత్తవు. ఒకదాని వెనక ఒకటి, రెండేసి నిమిషాల ఎడంతో వదులుతారు. రోజుకో దారి, దాన్ని స్టేజి అంటారు; రెండో రోజున ఈ అడవి దారిలో పద్నాలుగు కిలోమీటర్లు. మూడు రోజులూ కలిపి ఎవరు తక్కువ సమయంలో దాటితే వారిది గెలుపు.

అడవి స్టేజికి రెండు రోజుల ముందు దారి చూడడానికి ఆ క్లబ్బు ముఖ్య అధికారి జయప్రకాశ్ వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, మెడలో మూడు నాలుగు కార్డులు. పూలి ఆయనను రాళ్ళవాగు కల్వర్టు దగ్గరికి తీసుకుపోయింది. దారి అక్కడ కుడికి తిరిగి ఒక్కసారిగా దిగుతుంది. మలుపు ఇవతల నుంచి చూస్తే కల్వర్టు కనిపించదు. మొన్నటి వానలకు ఎడమ అంచు సగం కొట్టుకుపోయింది.

"సారూ, జోరుగ వచ్చిన బండి గీడ నిలవదు. రెండు ట్రాక్టర్ల మొరం పోస్తే సాలు, మేమే సదును జేస్తం. ఇంకోటి, ఎల్లుండి సంత. ఊర్లల్ల చెప్పకపోతే జనమంత ఈ తొవ్వనే వస్తరు" అంది పూలి.

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. చూసుకుంటామమ్మా అని జీపెక్కాడు. ఆ రెండు రోజుల్లో మొరమూ రాలేదు, ఊళ్ళలో డప్పూ మోగలేదు.

పందెం రోజు పూలిని ఆ కల్వర్టు దగ్గరే నిలబెట్టారు. పచ్చగా మెరిసే ఒక కోటు, ఈల, పసుపు జెండా ఇచ్చారు. ఆ పాయింటుకు పెద్దగా మధుసూదన్ అని ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. పందేలంటే పిచ్చితో సెలవు పెట్టి వచ్చిన మనిషి. పసుపు జెండా ఊపితే జాగ్రత్త అని అర్థమనీ, ఎర్ర జెండా మాత్రం ముఖ్య అధికారి వాకీటాకీలో చెబితేనే ఎత్తాలనీ ఆమెకు వివరించాడు. ఆ వాకీటాకీ పొద్దుటినుంచీ గరగరమనడం తప్ప ఒక్క మాట పలకలేదు. గుట్టల నడుమ అది పలకదని పూలికి తెలుసు. ఆ చోట సెల్‌ఫోనూ మోగదు. ఎందుకైనా మంచిదని తన ఎర్ర జెండాను నడుముకు చుట్టుకునే వచ్చింది.

ఆమె అన్నట్టే సంతకు పోయే జనం ఆ దారినే వచ్చారు. పూలి ఈల వేసి అందరినీ ఎత్తుగట్టు మీది పత్తి చేను అంచున కూర్చోబెట్టింది. కోళ్ళ గంపతో పుల్లమ్మ, చింతపండు మూటలతో కోయ ఆడవాళ్ళు, ఆటో కట్టేసి హాతీరాం, యాభై అరవై మంది అయ్యారు. కూర్చున్నవాళ్ళు సద్దులు విప్పారు. చూస్తుండగానే అది జాతరలా తయారైంది.

మొదటి కారు గంట ఆలస్యంగా వచ్చింది. దూరంగా తుమ్మెద ఝుమ్మన్నట్టు మొదలై, గుట్ట తిరిగేసరికి అడవంతా దద్దరిల్లి, కంకర నాలుగు దిక్కులా చిమ్ముతూ అడ్డంగా జారి, మళ్ళీ నిలదొక్కుకుని దూసుకుపోయింది. పూలికి ఒళ్ళు ఝల్లుమంది. తాను కొంగుతో చెమట తుడుచుకుంటూ పరిచిన కంకర మీద అంత వేగం పుడుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. గట్టు మీద జనం ఈలలు వేశారు. పుల్లమ్మ కోళ్ళు గంపలో గోల పెట్టాయి.

రెండో కారు వచ్చేసరికి మొదటి కారు లేపిన దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. మూడోది అంతకంటే గుడ్డిగా వచ్చింది. ఇంత దగ్గర దగ్గరగా వదులుతున్నారేమిటని పూలి అడిగితే, మధుసూదన్ గడియారం చూసుకుని, కాగితం మీద టైము వేసుకుని పెదవి విరిచాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది. జెండా ఊపి ఆ రోజు పందెం ప్రారంభించాల్సిన అతిథి గంట ఆలస్యంగా వచ్చాడు. పోయిన గంటను రాబట్టుకోవాలని జయప్రకాశ్ రెండు నిమిషాల ఎడాన్ని ఒక్క నిమిషానికి కుదించేశాడు. దారి నడుమ ఉండాల్సిన అంబులెన్సును అతిథి గారి సభ దగ్గరే ఉంచేశాడు.

నాలుగో కారు ఆ దుమ్ములో మలుపు తిరిగి, కొట్టుకుపోయిన అంచున ఎడమ చక్రం దించింది. కల్వర్టు గోడకు కొట్టుకుని గిర్రున తిరిగి, పక్కకు ఒరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు.

పూలి కారు వైపు పరుగెత్తలేదు. మలుపు వైపు పరుగెత్తింది. వెనక నుంచి మధుసూదన్, ఎర్ర జెండాకు ఆర్డర్ రాలేదని అరుస్తున్నాడు.

"ఆర్డర్ వచ్చేదాంక కారు ఆగుతదా సారూ" అంటూనే ఆమె నడుముకున్న జెండా లాగింది.

దుమ్ములో ముందు చప్పుడు వచ్చింది, తర్వాత దీపాలు. పూలి రోడ్డు నడుమ కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులా జెండా ఎత్తి నిలబడింది. బ్రేకులు కీచుమన్నాయి. కంకర వచ్చి మోకాళ్ళకు తగిలింది. కారు మూడు బారల దూరంలో ఆగింది. డ్రైవరు కోపంగా దిగి హెల్మెట్ తీస్తే ముడి విడిన జడ జారింది.

"ఆడపిల్లవా నువ్వు" అంది పూలి. ఆ గడబిడలోనూ ఆమెకు ఆశ్చర్యం ఆగలేదు.

ఆ అమ్మాయి పేరు ప్రసూన. సత్తుపల్లి దగ్గర రైతుల బిడ్డ. ముందు రోజు జరిగిన తొలి స్టేజిలో ఆమెదే ముందంజ. మలుపు అవతలికి ఒక్క చూపు చూసి తన కారును పక్కకు తీసింది. పూలి జెండా దించలేదు. ఆ వెనక వచ్చిన ఆరు కార్లనూ వరసగా ఆపింది. డ్రైవర్లంతా దిగి పరుగెత్తారు. గట్టు మీద జనం మూటల తాళ్ళు విప్పుకుని దిగారు. అందరూ కలిసి ఒక్క ఊపున కారును నిలబెట్టారు. లోపలి ఇద్దరూ బతికే ఉన్నారు. డ్రైవరు కాలు విరిగింది, పక్కన కూర్చుని దారి చెప్పేవాడికి చెయ్యి బెణికింది. అంబులెన్సు జాడ లేకపోతే హాతీరాం తన ఆటోలో గడ్డి పరిచాడు. ఏ వంపులో నెమ్మదిగా పోవాలో పూలి చెప్పి మరీ కొత్తగూడెం దవాఖానాకు పంపింది.

అప్పుడు వచ్చాడు జయప్రకాశ్. దెబ్బ తగిలినవాళ్ళ సంగతి అడిగి తెలుసుకున్నాడు గానీ, ఆ తర్వాత కోపమంతా జెండా మీదికి మళ్ళింది. తాను చెప్పకుండా ఎత్తిన ఎర్ర జెండా లెక్కలోకి రాదన్నాడు. ఆగిన డ్రైవర్లు తమంతట తాము ఆగినట్టేనన్నాడు. ప్రసూన అక్కడ నిలబడిన నలభై నిమిషాలూ ఆమె ఖాతాలోనే పడతాయన్నాడు. అంటే ముందున్న అమ్మాయి కొసకు పోతుంది.

ప్రసూన ఫిర్యాదు పెట్టింది. తీర్పు ఆ సాయంత్రమే భద్రాచలంలో, కార్లన్నీ చేరే చోట. సాక్ష్యం చెప్పడానికి రమ్మని పూలిని బతిమాలింది. పూలికంటే ముందు హరిలాల్ తలపాగా మార్చుకుని ప్రసూన వాళ్ళ వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు. గోదావరి వంతెన దాటుతుంటే నీళ్ళ మీద పొద్దు వాలుతోంది.

ఒక హోటలు హాల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. నడుమనున్న పెద్దాయన ఒకప్పుడు తానూ పందేలు నడిపినవాడట. ఎవరు చెబితే జెండా ఎత్తావని పూలిని అడిగాడు.

"ఎవ్వరు చెప్పలే సారూ. చెప్పే మిషను పలకలే. కండ్లకు కనవడ్డది, ఎత్తిన. తప్పంటే నాదే, నన్ను పనికెల్లి తీసెయ్యుండ్రి. ఆపితే ఆగిన పిల్లను దండిస్తే, రేపు జెండ జూసి ఎవలు ఆగుతరు?"

కార్ల మధ్య ఎడం రెండు నిమిషాలేనని జయప్రకాశ్ సర్దిచెప్పబోయాడు. అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్న మధుసూదన్ లేచి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పది నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు. కారు వచ్చిన ప్రతిసారీ అతను రాసిన టైములు. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

ఆ స్టేజిని రద్దు చేశారు. ఆగిన వాళ్ళెవరికీ ఒక్క సెకను కూడా నష్టం లేదన్నారు. మర్నాటి పర్యవేక్షణ నుంచి జయప్రకాశ్‌ను తప్పించి, ప్రతి పాయింటు నుంచీ వాకీటాకీ పలికాకే, అంబులెన్సు దారిలో నిలిచాకే మొదటి కారు కదలాలని రాసిచ్చారు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు హరిలాల్.

బయట మెట్ల మీద జయప్రకాశ్ పూలి దగ్గరికి వచ్చాడు. కళ్ళద్దాలు లేవు. "నువ్వు చెప్పిన రోజే రాసుకున్నాను పూలమ్మా. రాసుకుని ఊరుకున్నాను" అన్నాడు. పొద్దుటినుంచి ఏమన్నా తిన్నవా సారూ అని అడిగింది పూలి. తినలేదన్నాడు. ప్రసూన, హరిలాల్‌తో కలిసి నలుగురూ పక్క హోటల్లో ఇడ్లీ తిన్నారు.

చివరి రోజు ప్రసూన రెండో స్థానంలో నిలిచింది. కప్పు తీసుకుని తిన్నగా తండాకు వచ్చింది. పిల్లలు దాంట్లో మంచినీళ్ళు పోసుకుని తాగారు.

మరుసటి ఏడు క్లబ్బువాళ్ళు పందేనికి నెల ముందే వచ్చి పూలిని అడిగారు, ఎక్కడ ఏం చెయ్యాలని. కల్వర్టు అంచుకు రాళ్ళు కట్టారు. సంత లేని రోజు చూసి పందెం పెట్టారు. జనం ఎక్కడ కూర్చోవాలో పూలే ముగ్గు పోసి చూపింది. కాలు విరిగిన డ్రైవరు తన కాళ్ళ మీద నడిచి వచ్చి, ఆమెకు చీర పెట్టి దండం పెట్టాడు. ఆమె కోటు వెనక ఈసారి పెద్ద అక్షరాలతో రూట్ మార్షల్ అని రాసి ఉంది. హరిలాల్‌కు చదువు రాదు, అయినా వచ్చినవాళ్ళందరికీ దాన్ని చదివి వినిపించాడు.

పందెం మొదలయ్యే ముందు దారి సరిగా ఉందో లేదో చూడడానికి ఒక కారు అదే వేగంతో పోతుంది. ఆ ఏడు దాన్ని నడిపింది ప్రసూన. పక్క సీటు పూలిది. హెల్మెట్ పెడదామంటే చెంపల పక్కన వేలాడే వెండి సొమ్ములు అడ్డొచ్చాయి. పూలి వాటిని ఒక్కొక్కటే విప్పి హరిలాల్ దోసిట్లో పోసింది. వాటిని పట్టుకుని అతను కదలకుండా నిలబడిపోయాడు.

నడిస్తే సగం రోజు పట్టే దారి పది నిమిషాల్లో అయిపోయింది. మొదటి మలుపులో పూలి కళ్ళు మూసుకుంది. రెండో మలుపులో తెరిచింది. మూడో మలుపు నుంచి లంబాడీలో ఏదో గట్టిగా పాడుతూనే ఉంది. ఆగాక దిగింది. కారు పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దారి ఎలా ఉందక్కా అని ప్రసూన అడిగింది.

"తొవ్వ బంగారం లెక్కుంది" అంది పూలి, ఊపిరి కూడదీసుకుంటూ. "ఆ ఇప్పచెట్టు మలుపు కాడ నువ్వే ఉత్తగ భయపడి మెల్లగ జేసినవ్. పా, ఇంకోసారి పోదాం, చూపిస్త."