ఐదు మాటల కార్డు

2023 జూన్. తురింగియా కొండల మధ్య ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే కక్షతో రాశానంటారు. ఆ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అప్పటికి ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. పగలు ఒక కంపెనీలో ఇంజినీరుని, సాయంత్రాలూ శనివారాలూ కోచ్‌ని. జర్మనీలో ఈ ఆట నేర్పేవాళ్ళు చాలామంది ఇలాగే బతుకుతారు.

ఆ జట్టులోకి నేను ఆటగాడిగా వెళ్ళలేదు. మాస్టర్స్ చదివే రోజుల్లో మ్యాచ్‌లు వీడియో తీసే మనిషి కావాలంటే వెళ్ళాను. తీసిన వీడియోను ముక్కలుగా కోసి, ఎవరు ఎక్కడ తప్పు నిలబడ్డారో రాసి ఇచ్చేవాణ్ణి. తర్వాత లైసెన్స్ పరీక్ష పాసై రన్నింగ్ బ్యాక్స్ కోచ్‌నయ్యాను. రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని చంకలో ఇరికించుకుని ఎదుటి జట్టు మధ్యలోంచి దూసుకుపోయేవాడు. ఎక్కువ దెబ్బలు తినేదీ అతనే. లైసెన్స్ వచ్చాక కూడా జట్టు ఫొటో కింద నా పేరు పక్కన ‘కెమెరా’ అనే వేశారు. మూడేళ్ళు వరసగా వేశారు. ఆ మూడు ఫొటోలూ నా దగ్గరున్నాయి.

ఆ ఏడాది సీజన్‌లో చివరి మ్యాచ్. గెలిస్తే పై లీగ్‌కు వెళ్తాం. హెడ్ కోచ్ మార్కుస్ ఆ మ్యాచ్ తర్వాత వేరే ఊరు మారుతున్నాడు. తన స్థానానికి నా పేరు చెప్తానని మార్చిలో నాకు మాటిచ్చాడు. పార్కింగ్ దగ్గర, కారు తలుపు తీస్తూ చెప్పాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. అతను మర్చిపోయాడని తర్వాత తెలిసింది.

మా మొదటి రన్నింగ్ బ్యాక్ సాయికిరణ్. జగిత్యాల కుర్రాడు, ఆటోమోటివ్‌లో మాస్టర్స్ రెండో ఏడు. ఊళ్ళో కబడ్డీ ఆడిన కాళ్ళు. అంత బరువైన మనుషుల మధ్య నుంచి ఒంటిమీద చెయ్యి పడకుండా జారిపోయేవాడు. జట్టులో ఇంకా నలుగురు తెలుగువాళ్ళుండేవారు. అందరికీ నేను అన్ననే, కోచ్‌ని కాదు. ఇదీ ఒక ఇబ్బందే. కోచ్ చెప్తే వింటారు, అన్న చెప్తే బతిమాలతారు.

రెండో క్వార్టర్‌లో సాయి బంతితో కుడివైపు తిరిగాడు. ఇద్దరు ఒకేసారి తగిలారు. అతని హెల్మెట్ వెనకభాగం నేలకు కొట్టుకుంది. లేచాడు, తనంతట తానే నడిచి వచ్చాడు. నడక బాగానే ఉంది. మైదానం పక్కన డ్యూటీలో ఉన్న మెడిక్ అన్యా అతన్ని కూర్చోబెట్టి కార్డు తీసింది.

తలకు దెబ్బ తగిలితే చేసే చిన్న పరీక్ష అది. దాన్ని కంకషన్ టెస్ట్ అంటారు. ఇవాళ ఏ వారం, ఎవరితో ఆడుతున్నాం అని అడుగుతారు. ఐదు మాటలు చదివి తిరిగి చెప్పమంటారు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటారు. మా కార్డులో ఐదు మాటలూ జర్మన్‌లో ఉండేవి: వంతెన, తేనె, కిటికీ, గొడుగు, సుత్తి. నాకు తెలిసినంతవరకు అవి ఎన్నడూ మారలేదు. మార్చమని స్పోర్ట్స్ విభాగానికి అంతకుముందే ఒకసారి రాశాను. జవాబు రాలేదు.

సాయి అన్నీ చెప్పాడు. ఐదుకు ఐదు. నెలలు డిసెంబరు నుంచి జనవరి దాకా గడగడా. అన్యా నవ్వి, "నాకన్నా వేగంగా చెప్తున్నావే" అంది.

"బాగున్నాడా?" అన్నాడు మార్కుస్.

"పరీక్షలో ఏమీ తేడా లేదు."

"అయితే లోపలికి."

నేను పక్కనే నిలబడి విన్నాను. ఆమె నాలుగో మాట పలుకుతుండగానే సాయి నోట్లో ఐదో మాట ఉంది. నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే ఆ పని నేనే చేశాను. కొత్తగా చేరిన మన కుర్రాళ్ళు జర్మన్ అంటే భయపడుతుంటే, ఆ ముందటేడు కార్డును ఫొటో తీసి, ఒక్కో మాట పక్కన తెలుగు అర్థం రాసి, మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏం అడుగుతారో తెలియాలని పెట్టాను. పాత క్వశ్చన్ పేపర్లు బట్టీ పట్టి ఇంజినీరింగ్ గట్టెక్కినవాళ్ళం మేమంతా. ఆ ఫొటోను వాళ్ళు ఏం చేసుకుంటారో నాకు తెలిసుండాల్సింది.

సాయి ముందు కూర్చున్నాను. "సాయీ, ఇటు చూడు. బెండకాయ, తాళంచెవి, బస్సు, దిండు, అద్దం. చెప్పు."

"ఇదేందన్నా, ఇప్పుడే జెప్పిన గదా ఆమెకు."

"నాక్కూడా చెప్పు."

"బెండకాయ..." అని ఆగాడు. చేతి గ్లవ్స్ వైపు చూసుకున్నాడు. "బెండకాయ... హోనిగ్. ఫెన్‌స్టర్."

కార్డులో తేనె, కిటికీ అవి.

"మళ్ళొక్కసారి జెప్పన్నా. ఈడ మస్తు లొల్లి ఉంది, ఇనవడలే."

చెప్పాను. ఈసారి బెండకాయ కూడా రాలేదు. స్కోరు ఎంతని నన్నే అడిగాడు. స్కోరుబోర్డు అతనికి ఎదురుగానే ఉంది.

నేను అతని హెల్మెట్ తీసేసుకున్నాను. మా పనిలో అదే పద్ధతి. ఆటగాణ్ణి ఆపాలంటే మాటలు చాలవు, హెల్మెట్ తీసేసుకోవాలి. అది లేకుండా ఎవరినీ మైదానంలోకి రానివ్వరు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మార్కుస్.

"ఇతను ఇవాళ ఆడడు. అనుమానం ఉంటే చాలు, బయట ఉంచాలి. రూల్ అది."

"మెడిక్ బాగున్నాడంది. నువ్వు డాక్టరువి కాదు."

"ఆ ఐదు మాటలు ఇతను బట్టీ పట్టాడు. కొత్త మాటలు చెప్పలేకపోయాడు."

"ఏ మాటలు? నాకొక్కటీ అర్థం కాలేదు. నా జట్టులో నాకు తెలియని భాషలో పరీక్షలు పెట్టొద్దు."

ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాశాను. ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో ఎక్కించాను కాబట్టి తప్పు పోయే అవకాశం లేదు. అన్యా మాత్రం కార్డు జేబులో పెట్టుకుని సాయి దగ్గర కూర్చుంది.

సాయి బతిమాలాడు. "అన్నా, ఒక్క క్వార్టర్ అన్నా. మావోళ్ళంత లైవ్ జూస్తున్నరు. ఇజ్జత్ వోతదన్నా."

"కూర్చో."

"నువ్వు మనోడివేనా అసలు?"

మిగతా ఆటంతా ఆ హెల్మెట్‌ను ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళాను. ఎవరో నా బ్యాగును తీసి తలుపు బయట పెట్టారు. ఎవరో నాకు తెలుసు.

బట్టలు మార్చుకుంటూ సాయి వాంతి చేసుకున్నాడు. అన్యానే అంబులెన్స్ పిలిచింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకున్నారు. అదే రోజు ఇంకో దెబ్బ తగిలి ఉంటే తను వేరే రకంగా మాట్లాడాల్సి వచ్చేదని అక్కడి డాక్టరు నాతో చెప్పాడు. తర్వాత చాలా వారాలు సాయి ల్యాప్‌టాప్ తెర చూడలేకపోయాడు. థీసిస్ గడువు పెంచమని అడగడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుంటే, అక్కడికి కూడా నేనే తోడు వెళ్ళాను. దారి పొడుగునా అతను నాతో మాట్లాడలేదు.

హెడ్ కోచ్ పని ఇంకొకరికి ఇచ్చారు. ఏడాది చివరి సభలో అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పారు. గడ్డి కోసే ఆయనకు కూడా చెప్పారు. నా పేరు చదవలేదు. మరుసటి సీజన్ నుంచి ప్రతి మ్యాచ్‌కూ కొత్త మాటలతో కార్డు వచ్చింది. ఆ ఆలోచన తమదేనని విభాగం నోటీసు బోర్డులో పెట్టుకుంది.

నేను యూనివర్సిటీకి ఫిర్యాదు రాశాను. జరిగిందంతా వరసగా రాసి, చివర బాధ్యుల పేర్లు పెట్టాను: మాట వినని మార్కుస్, తొందరపడిన అన్యా, కార్డు మార్చని విభాగం అధికారి, పరీక్షను మోసం చేసిన సాయికిరణ్. సాక్షిగా సంతకం కావాలి కాబట్టి దాన్ని సాయి దగ్గరికే తీసుకెళ్ళాను. అప్పటికి అతను ఆట మానేశాడు. థీసిస్ ముగింపులో ఉన్నాడు.

మొత్తం చదివాడు. తన పేరు దగ్గర ఆగలేదు. చివరికొచ్చి తలెత్తాడు.

"నాలుగే జెప్పినవన్నా."

"నాలుగేంటి?"

"పేర్లు. ఐదు ఉండాలె గదా. ఐదోది యాదికొస్తలేదా?" అంటూ కార్డు పట్టుకున్నట్టు నా ముందు చెయ్యి పెట్టాడు, అచ్చం అన్యా లాగా. "నెలలన్న జెప్పు మరి, ఎనక నుంచి."

నాకు నవ్వు రాలేదు. అతను నవ్వుతూనే సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చాడు. "ఆ దినం నువ్వు హెల్మెట్ ఇయ్యకపోవుడే మంచిగైంది" అన్నాడు, టీ పెట్టడానికి లేస్తూ, వీపు నా వైపు తిప్పి. ఎనిమిది నెలల తర్వాత అన్న మాట అది. తేదీ రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు లైప్‌జిగ్‌లో వేరే జట్టుకు పనిచేస్తున్నాను. అక్కడ మాటలు నేనే రాస్తాను, మ్యాచ్ మొదలయ్యే గంట ముందు, ఎవరికీ చూపించకుండా. జవాబు ముందే తెలిసిన పరీక్ష ఆటగాడి తలను పరీక్షించదు. అతనికి ఆడాలని ఎంత ఉందో మాత్రమే చెప్తుంది. అది నాకు పరీక్ష లేకుండానే తెలుసు. సాయం చేస్తున్నామనుకుని జవాబులు పంచేవాడు, కొట్టినవాడికన్నా ముందే ఆ తలమీద దెబ్బ వేసినట్టు.

ఆ రోజు సాయి గదిలోనే ఐదో పేరు రాసి, ఫిర్యాదు పోస్టు చేశాను. మొదటి నలుగురి గురించి విభాగం నుంచి మూడు పేరాల వివరణ వచ్చింది. ఐదో పేరు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. అక్కడ కూడా నన్ను వదిలేశారు.