పోపుగారి మంచం కింద ఎవరు?

మా మల్లేశ్వరి పెద్దమ్మకు భయం. ఫలానా దానికని లేదు. నిప్పుకు భయం, నీళ్లకు భయం, ఆ రెండూ ఒకచోట ఉంటాయని ప్రెషర్ కుక్కరుకు మరీ భయం. పొయ్యి మీద కుక్కరు పెడితే చాలు, ఇంట్లో పిల్లాపెద్దా అందరినీ వీధిలోకి తోలుతుంది. పెదనాన్న పోయాక పెద్దకడుబూరు నుంచి ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చేసింది. అప్పటినుంచి మేము పప్పు ఎప్పుడు ఉడకేస్తామో వీధి వీధంతటికీ తెలుసు.

ఆ భయం ఆవిడ దగ్గరే ఆగితే బాధ లేదు. పక్కవాళ్లకు అంటుకుంటుంది. ఒకరోజు పైకి చూసి, "ఓరప్పా, ఆ ఫ్యాను నట్టు ఊగుతాంది సూడు" అంది. ఊగటం లేదు. నేను స్టూలెక్కి చూశాను కూడా. అయినా ఆ వేసవంతా గోడవార పడుకుని చెమటలు కక్కాను.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి పోతే జనంలో తప్పిపోతామని మా అందరి చేతులకూ కలిపి ఒకే తాడు కట్టింది. మాలో ఒక్కరూ తప్పిపోలేదు. మా తాడు తట్టుకుని మాత్రం చాలామంది భక్తులు బోర్లా పడ్డారు.

ఆదోని బస్సెక్కితే డ్రైవరు వెనక సీటు ఆవిడదే.

"ఏమప్పా డ్రైవరూ, రాత్రి బాగా నిద్రపోయినావా?"

"పోయినానమ్మా."

"ఎవురన్నా సూసినారా?"

"మా ఇంటామె ఉందమ్మా."

"ఆయమ్మ నిద్రపోకుండా నిన్ను సూస్తా కూసున్నెదా యేమి?"

ఆదోని చేరేసరికి డ్రైవరుకు తను నిజంగా నిద్రపోయాడా లేదా అన్న అనుమానం పట్టుకునేది.

మా ఇంటికి అప్పుడప్పుడు జొన్నరొట్టె తినడానికి ఫాదర్ జోజప్పగారు వచ్చేవారు. మా వీధి చివరి చర్చి బాధ్యతంతా ఆయనదే, విచారణ గురువులంటారు. ఆ పక్క బడిలో నేను తెలుగు చెప్తాను. ఆయనది గుంటూరు వైపు, ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. ఒకరోజు స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు నాతో, "మాస్టారూ, గుండెలో రక్తనాళం పూడుకుపోయిందట. కర్నూలులో స్టెంటు వేస్తామన్నారు" అన్నారు. తేదీ ఇచ్చినప్పుడల్లా ఏదో పని చెప్పి తప్పించుకున్నారట. ఈసారి తప్పించుకుంటే తన పూచీ లేదని డాక్టరు గట్టిగానే చెప్పాడట.

"మరి వెళ్లండి ఫాదర్."

"మరణానికి భయపడొద్దని ఈ ఊరికి ఎన్నేళ్లుగానో ప్రసంగాలు చేస్తున్నాను. ఇప్పుడు నాకు భయంగా ఉందని ఎవరితో చెప్పుకోను?"

తోడు వస్తానన్నాను. మీరు కదిలితే బడంతటికీ తెలుస్తుంది, వద్దన్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. ఈ మనిషి వెళ్లడు, ఏదో ఒకనాడు పూజ మధ్యలో కూలిపోతాడు అనిపించింది. ఆ తర్వాత ఆయన దగ్గినా నాకు గుండె దడే.

ఆ ఆదివారం సాయంత్రం చర్చి హాల్లో ఈ కాలపు పోపుగారొకరి మీద తీసిన డాక్యుమెంటరీ వేశారు. అందరూ రావాలని ఫాదరే ఇల్లిల్లూ తిరిగి పిలిచారు. పెద్దమ్మ తలుపు పక్కన కూర్చుంది, ఏదైనా జరిగితే ముందుగా బయటపడొచ్చని.

తెర మీద పోపుగారు ఎత్తైన మేడ మీద నిలబడి జనానికి చేయి ఊపుతున్నారు.

"అయ్యో, ఆ తెల్లంగి తాతను ఎవురన్నా ఎనక పట్టుకోండప్పా!"

పోపుగారు జనంలోకి వచ్చి పసిబిడ్డను ఎత్తుకున్నారు.

"తల పట్టుకో సామీ, తల!"

హాలంతా నవ్వింది. నేను మాత్రం కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. నాకూ బిడ్డ జారుతుందేమో అనిపించింది మరి. చివర్లో పోపుగారికి జబ్బు చేసింది. ఆస్పత్రి కిటికీ చూపించారు, కింద జనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

సినిమా అయ్యాక ఎలా ఉందో చెప్పమని మైకు తిప్పారు. ఆదోని నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు హనుమంతరావుగారు నిరాడంబరత గురించి మాట్లాడటం మొదలుపెట్టి, తన సర్వీసు గురించి ముగించారు. టీ హోటలు నడిపే బజారి, "అంత పెద్దాయప్ప అంత సిన్న కార్లో పోతాండాడు. మా వార్డు మెంబరు గూడ దాంట్లో ఎక్కడు" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. మైకు పెద్దమ్మ దగ్గరకు వచ్చింది. షాకు కొడుతుందని ఆవిడ దాన్ని చీరకొంగుతో పట్టుకుంది.

"సినిమా బాగుంది. నాకు భయమైంది" అంది. "ఆ తాతను ఆస్పత్రిలో ఏసినారు గదా, మంచం కింద ఎవురు పండుకున్న్యారు?"

మా వైపు రోగిని ఒంటరిగా ఆస్పత్రిలో చేర్చడమన్నది లేదు. మంచం మీద ఒకరు, కింద చాప మీద ఒకరు పడుకుంటేనే చేరినట్టు. అయినా పోపుగారి మంచం కింద చాప ఊహించుకుని జనం పగలబడి నవ్వారు.

"అమ్మా, ఆయనకు డాక్టర్లు, నర్సులు, కాపలావాళ్లు ఉంటారు" అన్నారు హనుమంతరావుగారు.

"వాళ్లు నిలబడుకొని ఉంటారు సార్. పండుకునేదెవురు? భయమైతే ఆయప్ప ఎవురి సెయ్యి పట్టుకోవల్ల?"

"పోపుకు భయమేందమ్మా?" అన్నాడు బజారి.

"మనిసి గదప్పా."

వందన సమర్పణకని లేచిన ఫాదర్ జోజప్పగారు మైకు అందుకుని, వందనాలు చెప్పకుండా పెద్దమ్మ వైపు తిరిగారు. "అమ్మా, ఎల్లుండి నన్ను కర్నూలులో చేరమన్నారు. గుండెకు. నాకూ కింద పడుకునేవాళ్లు లేరు" అన్నారు.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"పోతాండారా, ల్యాదా సామీ?"

"భయంగా ఉందమ్మా."

పెద్దమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఆస్పత్రి వాసనకే రోడ్డు దాటి అవతలి పక్క నడిచే మనిషి. "నాకు గూడ శానా భయం. అయినా నేనొస్తా" అంది.

పెద్దమ్మే బయల్దేరాక నేను బడిలో పరీక్షలంటూ కూర్చుంటే బాగుండదని సెలవు పెట్టాను. కర్నూలు ఆస్పత్రిలో ఆవిడ భయాలకు పండగ వచ్చింది. లిఫ్టు చూసి ఫాదరు చేయి పట్టుకుని వణికింది. "ఏం కాదమ్మా, పైకి తీసుకెళ్తుంది, అంతే" అన్నారాయన. నర్సు ట్రే తెస్తే కళ్లు మూసుకుంది. "చిన్న సూదమ్మా, నాకే కదా" అన్నారు. బీపీ మిషను బుస్సుమంటే ఎగిరిపడింది. అది ఎలా పనిచేస్తుందో ఆయన ఓపిగ్గా విడమరచి చెప్పారు. స్ట్రెచరు మీద లోపలికి తోస్తున్నప్పుడు కూడా తల తిప్పి, "భయపడకమ్మా, నేనున్నాను కదా" అంటూనే పోయారు. ఇన్నాళ్లూ తేదీలు తప్పించుకున్న మనిషికి తన సంగతి తలుచుకునే తీరికే లేకపోయింది.

తలుపు మూసుకుంది. పెద్దమ్మను పట్టుకుందామని పక్కకు తిరిగాను. ఆవిడ బెంచీ మీద నిమ్మళంగా కూర్చుని, సంచిలోంచి జొన్నరొట్టె తీసి, చెనక్కాయల పొడి అద్దుకుని తింటోంది.

"పెద్దమ్మా! భయం ల్యాదా?"

"ఇంగెందుకప్పా? సామి లోపలికి పాయ గదా."

"అంటే ఇంతసేపూ..."

"ఆయప్పకు మొగం మీద సెమట పడుతుండె. ఇంకొకరికి ధైర్యం సెప్పేటోడికి సొంత భయం గుర్తుకు రాదప్పా. అందుకే ఆయప్ప వంతు గూడ నేనే పడితి. నువ్వు గూడ ఒక ముక్క తిను, నీ మొగం సూస్తే నాకు నిజంగానే భయమైతాంది."

తిన్నాను. అంత రుచి రొట్టె నేను మళ్లీ తినలేదు.

తలుపు తెరుచుకుని స్ట్రెచరు బయటికి వచ్చింది. డాక్టరు బాగా జరిగిందన్నాడు. పెద్దమ్మ రొట్టె సంచిలో కుక్కి, మూతి తుడుచుకుని, ఒక్క గెంతులో ఫాదరు పక్కకు చేరింది.

"సామీ, మళ్లా ఆ లిఫ్టే ఎక్కల్లంట సామీ!" అంది వణికిపోతూ.

ఫాదర్ జోజప్పగారు సగం కళ్లు తెరిచి చేయి చాపారు. "నా చెయ్యి పట్టుకో అమ్మా" అన్నారు.