రూత్ మేడం నేర్పిన లబార్

మా వార్డులో ఎవరైనా గంధం సబ్బు విప్పితే నాకు స్పానిష్ గుర్తొస్తుంది. మామూలు మనుషులకి పెళ్లిళ్లు గుర్తొస్తాయేమో. ఈ తేడా నావల్ల వచ్చింది కాదు, రూత్ మేడం వల్ల వచ్చింది.

మేడం చాలా ఏళ్లు స్పెయిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేసి, తండ్రి మంచాన పడ్డాక విజయనగరం తిరిగొచ్చేశారు. విదేశాలకి వెళ్లాలనుకునే నర్సులకి ఇంట్లోనే స్పానిష్ చెప్పేవారు. నర్సింగ్ చదివి ఖాళీగా ఉన్న నేనూ చేరాను. నెలాఖరుకి అక్కడివాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు. అది పోతే మా మావ ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఎరువులంటే నాకు గౌరవమే, దూరం నుంచి.

మొదటి మాట లబార్. మనం బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, ముఖం కడుగుతాం. వాళ్లు అన్నిటికీ ఆ ఒక్కమాటే వాడి పని కానిచ్చేస్తారు. గంటలో వచ్చేస్తుందనుకున్నాను. మేడం బోర్డు జోలికే పోలేదు. మిగతావాళ్లని పెరట్లో బట్టల దగ్గరికి పంపి, నా చేతికి వేణ్ణీళ్ల బేసిన్, తువ్వాలు, గంధం సబ్బు ఇచ్చి వాళ్ల నాన్న శామ్యూల్ తాత మంచం దగ్గరికి తోలారు. “లె లాబో లా కారా?” అని అడగాలి. ముఖం కడగమంటారా అని. తెలుగులోనూ చెప్పాలి. ఆయన సరేనంటేనే తర్వాతి పాఠం.

తాత జూట్ మిల్లులో మేస్త్రీగా చేసిన మనిషి. వద్దన్నాడు. బతిమాలాను, జోకులేశాను, మాటల్లో పెట్టి తువ్వాలు గడ్డం దాకా తెచ్చాను. ఆయన గోడవైపు తిరిగిపోయాడు. రోజూ ఇదే తంతు. పెరటివాళ్లు కడగడం పాఠం దాటి తినడం పాఠంలోకి వెళ్లిపోయారు. నా భవిష్యత్తు మీ నాన్నగారి చెంపల మీద ఆధారపడి ఉందని మేడంతో మొరపెట్టుకున్నాను. బీరకాయ చెక్కు తీస్తున్న ఆవిడ నవ్వలేదు.

“ఒరే, నువ్వడిగినావు, ఆయన వద్దన్నాడు. ఇంకా అక్కడేటి సేస్తన్నావు?”

ఒప్పించాలి కదా అన్నాను.

“ఒప్పించీడానికైతే అడగడం దేనికి? వద్దంటే వచ్చీడమే.”

మర్నాడు తాత వద్దనగానే బేసిన్ తీసుకుని వచ్చేశాను. వెనకనుంచి ఎవరూ పిలవలేదు. సినిమాల్లో అయితే పిలిచేవారు. ఆ పై ఉదయం నేను బేసిన్ కింద పెట్టేలోపే ఆయన అందుకున్నాడు.

“నిన్న ఎల్లిపోనావేటి?”

“వద్దన్నారు కదా తాతా.”

“ఊఁ. మాట ఇనీవోడొకడు దొరికినాడు. కడుగు, నీలు సల్లారిపోతన్నాయి.”

కడిగాను. గుమ్మంలో నిలబడి చూసిన మేడం శభాష్ అనలేదు. రెండో చెవి వెనక సబ్బు ఉండిపోయిందన్నారు.

ఇంటర్వ్యూలో తెరమీది ఆవిడ తననే రోగి అనుకుని మాట్లాడమంది. నాకు గట్టిగా వచ్చింది ఆ ముఖం కడిగే ప్రశ్న ఒక్కటే. అడిగి ఆగాను. పక్కనున్న, విదేశీ ఉద్యోగాలు కుదిర్చే ఏజెంటు ఇంకా మాట్లాడమని సైగలు చేస్తున్నాడు. చాలాసేపటికి ఆవిడ “నో” అంది. నేను “వాలే” అన్నాను, సరే అని, కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఏజెంటు తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఏదో రాసుకుని, నవ్వి, మిగతా భాష నువ్వు ఇక్కడికొచ్చాక మేమే నేర్పుకుంటాం అంది.

వీసా ఇంకా నడుస్తోంది, నడక చూస్తే దానికీ మోకాళ్ల నొప్పులున్నట్టున్నాయి. ఈలోగా విజయనగరంలోనే ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. ప్రతి మంచం దగ్గరా అడిగి, ఆగుతాను. మంచం మీద ముసలావిడ ఉంటే పక్కనున్న బంధువులు, ఆవిణ్ణి అడిగేదేటి, కడిగీండి అంటారు. అయినా ఆవిడవైపే చూస్తూ నిలబడతాను. ఎక్కువమంది సరే అంటారు. వద్దన్నవాళ్ల దగ్గర్నుంచి వచ్చేస్తాను. నీళ్లదేముంది, మళ్లీ కాచుకోవచ్చు.