అలసిన కొంగలు

చర్చిలో అమ్మమ్మ తాను కట్టిన పాట పాడింది: "అలసిన కొంగలకు గట్టునిచ్చిన దేవా." అందరూ అందుకున్నారు. నేను పెదవులు మాత్రం కదిపాను.

ఇన్నేళ్లకు నిన్న ఆకివీడు దగ్గర చేపల చెరువులు దాటుతుంటే ఆ పాట గుర్తొచ్చింది. ఏమీ అనిపించలేదు.

అమ్మమ్మకు చూపు లేదు. ఆ పాట కట్టక ముందు, ఆ వారమే ఏలూరు బస్సులో, "బయటేముందే?" అనడిగింది.

"గట్టు మీద బోలెడు కొంగలు, అమ్మమ్మా."

"ఎగురుతున్నాయా?"

"లేదు, కూర్చున్నాయి."

"పాపం, అలిసిపోయుంటాయి."

బస్సు దగ్గరికెళ్లాక చూస్తే అవి ఆరేసిన తెల్లటి చేపల మేత సంచులు. నేను చెప్పలేదు.

దేవుడి ముందు అమ్మమ్మ చేత అబద్ధం పాడించానని భయమేసి, చర్చి నుంచి వస్తూ చెప్పేశాను. నా భుజం మీద ఆమె చెయ్యి కదల్లేదు. "అన్నీ సంచులేనంటావా?" అంది.

ఆ రోజు బస్సు ఆగలేదు. నేను అన్నింటినీ చూడలేదు.