చిక్కుడు గింజల సీసా

మూడు వందల గజాల దూరంలో అయిదు గుళ్లు వరసగా పేల్చి, ఆ అయిదు చిల్లులనూ ఒక్క రూపాయి బిళ్లతో మూసేసేంత గురి ఉన్న తూటాలను ఇంట్లో కూర్చుని తయారుచేసిన తెలుగువాడు ఈ జార్జియా రాష్ట్రం మొత్తంలో నేనొక్కడినే. కమ్మింగ్‌లో ఏ గృహప్రవేశానికి పిలిచినా, పులిహోర ప్లేటు చేతికి రాకముందే ఈ మాట నా నోట్లోంచి జారిపోతుంది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కళ్లు పెద్దవి చేసి "అంకుల్, నిజంగానా?" అంటారు. అంతే, ఇక నన్ను ఆపడం మా ఆవిడ తరం కూడా కాదు.

నిజానికి నేను మాంసం ముట్టను. జింకను చంపాలన్న కోరికా లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒక మందుల కంపెనీ లేబొరేటరీలో పొడులు తూచాను. రిటైరయ్యాక చేతులకు ఏమీ తోచలేదు. ఒకరోజు పక్కింటి అమెరికన్ ముసలాయన గరాజ్‌లో బల్ల మీద ఒక చిన్న త్రాసు కనబడింది. నా కాళ్లు వాటంతట అవే లోపలికి వెళ్లాయి. ఆయన తన వేట తూటాలు తనే తయారుచేసుకుంటాడు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని కడిగి, కొలతకు సరిచేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, లోపల పౌడర్, అంటే తుపాకి మందు, తూచి పోసి, మూతి మీద గుండు కూర్చోబెట్టాలి. చెప్పడానికి ఇంతే. కానీ ప్రతి రైఫిల్‌కీ ఒక నాలుక ఉంటుంది. పౌడర్ ఇసుమంత పెంచితే గురికి పెట్టిన కాగితం మీద మూడు చిల్లులూ దగ్గరకు జరుగుతాయి. మరో ఇసుమంత పెంచితే ఒకదాని మొహం ఒకటి చూడవు. గుండును వెంట్రుకవాసి లోపలికి నొక్కితే కథ మళ్లీ మొదటికి. దాని నాలుకకు నచ్చినది దొరికేదాకా వండుతూనే ఉండాలి.

"మా తాత కంసాలి. గురిగింజలతో బంగారం తూచేవాడు. ఈ చెయ్యి ఆయనది" అని ముసలాయనతో చెప్పాను. ఆయన నమ్మాడు. కంసాలి మా తాత కాదు, మా తాత ఇంటికి ఎదురింటాయన. కానీ ఆయన తూచేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేను అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ చూశాను. అది మాత్రం అబద్ధం కాదు.

ముసలాయన మొదటిరోజే ఒక నియమం చెప్పాడు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ సీసానే ఉండాలి. అందులోంచి బయటికి వచ్చిన పౌడర్ తూటాలోకి వెళ్లాలి, లేదా తిరిగి అదే సీసాలోకి వెళ్లాలి. ఇంకో సీసా మొహం చూడకూడదు. "ఎందుకో తెలుసా?" అని అడిగాడు. "నిదానంగా మండే పౌడర్ తూకంలో తొందరగా మండే పౌడర్ పోశావంటే, గుండు కదిలేలోపే లోపలి ఒత్తిడి రైఫిల్‌ను పగలగొట్టుకుని వెనక్కి రావచ్చు. కాల్చేవాళ్ల చెంప ఉండేది అక్కడే." నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను.

తల ఊపాను కానీ, నేను పెరిగింది ఎలాంటి ఇంట్లో? ఇప్పుడుంటున్నది ఎలాంటి ఇంట్లో? మా ఇంట్లో డబ్బా మీద రాసి ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ ఏనాడూ సంబంధం లేదు. ఐస్‌క్రీమ్ డబ్బాలో ఇడ్లీ పిండి, పెరుగు డబ్బాలో చింతపండు పులుసు, కాఫీ డబ్బాలో కందిపప్పు, బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ. మూత బాగా పట్టే సీసాను పారేయడం మా ఇంట్లో పాపం. మూత తీసి చూడడమే మాకు చదవడం.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఆసుపత్రిలో ఫిజికల్ థెరపిస్ట్. కాలేజీ రోజుల్లో స్నేహితురాలితో కలిసి వేట నేర్చుకుంది. ఏడాదికి ఒక్క జింక. దాని మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుని చలికాలమంతా వండుకుంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద మాత్రం వాళ్లమ్మ దగ్గర తీసుకెళుతుంది. నా తూటాలు ఆమె రైఫిల్ కోసమే.

"తినరు, చంపరు. దాని చావుకి మాత్రం పంచదార తూచినట్టు తూచి పెడతారు" అంటుంది మా ఆవిడ.

ఆ ఏడాది వేసవి అంతా ఆ రైఫిల్ నాలుకను వెతికాను. పౌడర్ కొంచెం కొంచెం పెంచుతూ తూకానికి మూడేసి తూటాలు చేసేవాడిని. అమ్మాయి శనివారం వచ్చి, గురి సాధన చేసే రేంజ్‌లో కాల్చి, చిల్లుల కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించేది. సెప్టెంబరులో ఒక కాగితం మీద మూడు చిల్లులు ఒకదాన్నొకటి తాకుతూ వచ్చాయి. రూపాయి బిళ్ల పెట్టి చూశాను, మూసుకుపోయాయి. ఇప్పుడు ఒప్పుకుంటాను. అది మూడు వందల గజాలు కాదు, వంద. అయిదు గుళ్లు కాదు, మూడు. కాల్చింది నేను కాదు, అమ్మాయి. అంతకుముందు చెల్లాచెదురైన కాగితాలన్నీ రీసైక్లింగ్ డబ్బాకు వెళ్లాయి, వాటిని ఎవరికీ చూపించలేదు.

అదే తూకంతో ఇంకో రెండు శనివారాలు సాధన చేసింది. సీసా ఖాళీ అయింది. వేటకు ఇరవై తూటాలు కావాలి. అంతలో గరాజ్ పై అరలో అదే లేబుల్ ఉన్న సీసా ఇంకొకటి కనబడింది, సగానికి పైగా నిండుగా. "ఎంత ముందుచూపు నాది!" అని మురిసిపోయాను. రెండు రోజులు కూర్చుని ఇరవై తూటాలు చేశాను. ఒక్కొక్కటి రెండుసార్లు తూచాను.

శుక్రవారం ఉదయం అమ్మాయి వచ్చి పెట్టె తీసుకుంది.

"నాన్నా, ఇవి టెస్ట్ చేసినవేనా?"

"అదే పౌడర్, అదే తూకం. రూపాయి బిళ్ల!"

"సేమ్ బాటిల్?"

"సేమ్" అన్నాను. లేబుల్ అదే కదా అనుకున్నాను. ఆమె నా భుజం తట్టి ట్రక్కెక్కింది. ఉత్తరాన కొండల్లో, ఒక మట్టిరోడ్డు చివర, ఏటా దిగే చోటే దిగుతుంది. శనివారం తెల్లవారగానే వేట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ వంటింటి గట్టు మీద ఎండిన చిక్కుడు కాయలు ఒలుస్తోంది. వచ్చే ఏటికి విత్తనాలు. ఒలిచిన గింజలను ఒక నల్ల ప్లాస్టిక్ సీసాలో పోస్తోంది. మంచినీళ్లు తాగుతూ ఆ సీసా మీది లేబుల్ చూశాను. తొందరగా మండే పౌడర్ అది. ముసలాయన తన పాత చిన్న రైఫిల్‌కు వాడి, మిగిలింది నాకిచ్చాడు.

"ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది?" అన్నాను.

"మీరే ఇచ్చారుగా! ఉగాదికి బెండ గింజలకి సీసా కావాలంటే. ఇందులోది ఇంకో ఖాళీ సీసాలోకి ఒంపేసి, కడిగి మరీ ఇచ్చారు. లేబుల్ తర్వాత మారుస్తాలే అన్నారు."

గ్లాసు కింద పెట్టానో, అదే పడిందో తెలియదు. మా ఇంటి అలవాటు గరాజ్‌లోకి నడిచి వెళ్లి నా చేత ఆ పని చేయించింది. పై అరలోని సీసా మీద పేరు నిదానంది, లోపలున్నది తొందరది. తూకంలో గురిగింజలో పదోవంతు తేడా లేదు. తూచిన వస్తువే వేరు.

అమ్మాయికి ఫోన్ చేశాను. వాయిస్‌మెయిల్. మళ్లీ చేశాను. ఆ కొండల్లో సిగ్నల్ ఉండదని తెలిసీ పద్నాలుగుసార్లు చేశాను. మెసేజ్ పెట్టాను, అదీ వెళ్లలేదు.

"వేట రేపు కదా?" అంది మా ఆవిడ.

"సాయంత్రం వెలుతురుండగా కాగితం ప్లేటు పెట్టి ఒకటో రెండో కాల్చి చూసుకుంటుంది. ప్రతి ఏడూ చేస్తుంది."

ఆమె స్టవ్ ఆపిందో లేదో చూసి, చెప్పులు వేసుకుంది.

పార్టీల్లో నేను చెప్పే కథలో ఆ రెండు గంటల దారిని గంటా పావులో తొక్కేస్తాను. పోలీసు కారును కూడా దాటేస్తాను. నిజానికి కారు మా ఆవిడ నడిపింది. గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ తప్ప ఆమె ఎక్కడికీ నడపదు. ఫ్రీవే అంటే భయం. ఆరోజు స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, రెప్ప వేయకుండా నడిపింది. పక్కన నేను ఇంటి తాళంచెవితో తొడ మీద గీస్తూ కూర్చున్నాను. ఎడమ చెంప, కుడి చెంప. అమ్మాయి రైఫిల్‌ను ఏ వైపు ఆనించుకుంటుంది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కన్నకూతురు, ఎన్నో శనివారాలు పక్కన నిలబడి చూశాను, గుర్తు రాలేదు. కాగితం మీది చిల్లులే చూశాను కాబోలు.

"ఒక్క తూటా అయినా కాల్చి చూడలేదా మీరు, ఇచ్చే ముందు?" అంది మా ఆవిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"లేదు."

"అది అడిగిందిగా, టెస్ట్ చేసినవేనా అని. నేను వంటింట్లోంచి విన్నాను."

నేను అద్దం దించాను.

తారురోడ్డు అయిపోయి మట్టిరోడ్డు మొదలైంది. సూర్యుడు కొండ వెనక్కి వాలుతున్నాడు. అద్దం దించి ఉంచాను. అప్పుడు వినబడింది ఒక్క పేలుడు. ఎక్కడో ముందు, చెట్ల వెనక. మామూలు కంటే పదునుగా అనిపించింది. మా ఆవిడ బ్రేక్ మీద కాలు వేసి, మళ్లీ తీసింది.

"వేరేవాళ్లది" అంది. "సీజన్ కదండీ."

"అవును, వేరేవాళ్లది" అన్నాను. ఇద్దరం ఆ మాటను గట్టిగా పట్టుకుని మిగిలిన మైలు వెళ్లాం.

అమ్మాయి ఉంది. ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని ఉంది, కాళ్లు వేలాడేసుకుని. రెండు కళ్లూ ఉన్నాయి. చేతులున్నాయి. రైఫిల్ సంచిలో పెట్టి, జిప్ వేసి ఉంది. కారు ఆగకముందే దిగబోయి మోకాళ్ల మీద పడ్డాను. అక్కడే, ఆ మట్టిలో కూర్చుని ఏడ్చాను. నా కథల్లో ఈ ఏడుపు ఉండదు.

"ఏమైంది? అమ్మా, నాన్నకి చెస్ట్ పెయినా?" అంటూ ఆమె నా నాడి పట్టుకుంది.

చెప్పాను. లేబుల్, చిక్కుడు గింజలు, ఉగాది, అన్నీ.  ఆమె చెంప ఒకటి ఎర్రగా ఉంది. "ఏమిటది?" అంటే "చలిగాలి నాన్నా" అంది.

తూటాల పెట్టె అడిగి తీసుకుని లెక్కపెట్టాను. పందొమ్మిది.

"ఇంకొకటేదమ్మా?"

"లోడ్ చేస్తుంటే ఆకుల్లో ఎక్కడో పడింది. వదిలేయ్."

వాళ్లమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత చూపు తిప్పుకుని నా మోకాలి మట్టి దులిపింది.

ఆ ఏడు అమ్మాయి వేట మానేసి మా వెనకే ఇంటికి వచ్చేసింది. గురి చూసే స్కోప్ వదులైందని చెప్పి రైఫిల్‌ను రిపేరుకు ఇచ్చింది. అది తిరిగి వచ్చినట్టు లేదు, తర్వాతి ఏడు కొత్తది కొంది. పందొమ్మిది తూటాలను పక్కింటి ముసలాయన ఒక్కొక్కటే ఊడదీసి, పౌడర్‌ను పచ్చికలో చల్లేశాడు.  ఆ పై అర సీసా మీది లేబుల్ గోటితో గీకి, తీసుకొచ్చి నా బల్ల మీద అంటించి వెళ్లాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత నేను ఇంకొకరి కోసం తూటా చేయలేదు. ఫ్యాక్టరీ తూటాలు కూడా బాగానే తగులుతాయని అమ్మాయి అంటుంది.

అందరికీ నేను చెప్పేది మాత్రం ఇలా ఉంటుంది: తప్పు చేశాను, కానీ పట్టుకున్నాను, సరిగ్గా సమయానికి చేరాను, ఇరవైకి ఇరవై తూటాలూ వెనక్కి తెచ్చాను. పందొమ్మిది అని మొదటిసారి రాస్తున్నది ఇక్కడే. ఆ ఒక్కటీ ఆకుల్లో చిలుము పట్టి ఉంటుంది.

ఇంతవరకూ రాసి, మొన్న ఆదివారం అమ్మాయి వస్తే చదివి వినిపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు, వింటుంది. వంటింటి బల్ల దగ్గర చేతులు కట్టుకుని చివరిదాకా వింది. వాళ్లమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. అయిపోయాక అమ్మాయి లేచి, తన బ్యాగ్ లోపలి జేబులోంచి ఒక ఇత్తడి గొట్టం తీసి నా కాగితాల మీద పెట్టింది. అడుగున టోపీ ఉండాల్సిన చోట చిల్లు ఉంది, దాని చుట్టూ మసి.

"ఆకుల్లో ఏమీ పడలేదు నాన్నా. కార్‌లో మీరు విన్న సౌండ్ నాదే. హాట్ గ్యాస్ ఫేస్ మీద కొట్టింది. రైఫిల్ బోల్ట్ ఓపెన్ అవ్వకపోతే బూట్‌తో తన్నాను. సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకోకపోతే ఈ కన్ను పోయేది. అమ్మకి ఆరోజే తెలుసు. నువ్వు టైమ్‌కి రాలేదు. లేట్‌గా వచ్చావు. అది రాయ్."